ఒంటి సిలిండర్ బళ్ళపై అరకు, లంబసింగి

విశాఖ నుంచి అరకు, పాడేరు, లంబసింగి చుట్టి నర్సీపట్నం మీదుగా తిరిగి రావాలంటే పాతకాలపు తీరులో ఉండే 350 సీసీ బండికి మించినది లేదు. వేగంగా పోవాలనుకునేవారికి ఈ మాట నచ్చకపోవచ్చు. అసలు ఆ దారిలో వేగంగా పోయి చేసేదేమీ లేదు.

నాది అద్దెకు తీసుకున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. మిత్రుడిది వాళ్ళ నాన్నగారి కాలం నాటి కాస్ట్ ఐరన్ (పోత ఇనుప) ఇంజన్ బుల్లెట్. దానికి కుడికాలితో గేర్లు, ఎడమకాలితో బ్రేకు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కగానే ఈ ఇంజన్ల గుణం తెలిసింది. క్లాసిక్ పిస్టన్ వ్యాసం 72 మిల్లీమీటర్లు, అది కిందికీ మీదికీ కదిలే దూరం 85.8. ఈ పొడుగు స్ట్రోక్ వల్ల ఇంజన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడే 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, అందుతుంది. శక్తి చూస్తే ఇరవై హార్స్‌పవరే. అయినా అనంతగిరి మలుపుల్లో లారీ వెనక నెమ్మదించినా గేరు దించే పని లేకుండా మూడో గేరులోనే మళ్ళీ పుంజుకునేది. సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు చూసుకుంటూ పోవచ్చు.

బొర్రా గుహలు చూసి తీరాల్సినవే, కానీ సెలవు రోజున వెళ్ళకండి. అరకులో మేం దిగిన ప్రైవేటు లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్ళు మాత్రం తెల్లవారాక బకెట్‌తో తెచ్చిచ్చారు. బండి పెట్టుకోవడానికి గేటు లోపల చోటుందా అని ముందే అడగండి. మాకు రోడ్డు పక్కనే చూపించారు.

పొద్దున మంచుకు తడిసిన బుల్లెట్‌ను లేపడం చిన్న క్రతువు. మిత్రుడు కిక్ రాడ్‌ను మెల్లగా నొక్కుతూ, కరెంటు చూపే ఆమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా చూశాడు. సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలే డీకంప్రెసర్ మీట పట్టి రాడ్‌ను మరికాస్త దించాడు. మీట వదిలి ఒక్క తన్ను తన్నాడు. పలకలేదు. చుట్టూ చేరిన పిల్లలకు మంచి వినోదం. చివరికి పక్క వీధి మెకానిక్ మూత విప్పి, స్పార్కు కోసం కరెంటును కలిపి విడదీసే పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది, వాటి మధ్య గ్యాప్ సరిచేసేసరికి డుగ్గుమంది. టీ తాగినంత సేపట్లో అయిన పని అది. నా బండిలో ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సర్లు. అది మొండికేస్తే ఆ మెకానిక్ మాత్రం ఏం చేస్తాడు? కొత్త బళ్ళ సాదాతనం సగం పైపై తొడుగేనని నాకు అనిపించింది అక్కడే.

అరకు నుంచి పాడేరు దాకా దారే ఈ యాత్రకు ప్రాణం. రద్దీ తక్కువ, మలుపులు ఎక్కువ. అక్కడక్కడా గుంతలున్నాయి, పశువులూ అడ్డొస్తాయి. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇంజన్ మోత చెవికి హాయిగా ఉంటుంది, వలిసె పూల చేలు కంటబడితే ఆగడానికీ వీలవుతుంది. పాడేరు దాటాక నా వెనక చక్రం పంక్చరయింది. స్పోక్ చక్రం కావడంతో లోపల ట్యూబు. చక్రం ఊడదీసి, ట్యూబు లాగి అతుకు వేయించేసరికి గంటన్నర పట్టింది. అందానికి స్పోకులు బాగుంటాయి కానీ ఘాట్‌కు ట్యూబ్‌లెస్ టైర్లున్న అల్లాయ్ చక్రాలే మేలు.

లంబసింగి నన్ను నిరాశపరిచింది. చలి నిజమే, మంచూ నిజమే. కానీ వారాంతంలో గుడారాల దగ్గర అర్ధరాత్రి దాకా స్పీకర్ల హోరు. గుడారానికి అడిగిన అద్దెలో చింతపల్లిలో మంచి గదే దొరుకుతుంది. చింతపల్లిలో పడుకుని తెల్లవారుజామున మంచు చూడ్డానికి వెళ్ళడం నయం. రోడ్డు పక్కన పెట్టే బొంగులో చికెన్‌కు మాత్రం వంక పెట్టలేను.

నర్సీపట్నం వైపు దిగేటప్పుడు రెండో గేరులో వదిలితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుతో పెద్దగా పని పడదు. తాళ్ళపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కాకే ఈ బళ్ళ బలహీనత బయటపడుతుంది. తొంభై దాటితే క్లాసిక్ ఆయాసపడుతుంది. పాత బుల్లెట్ అయితే డెబ్భైకే అద్దాల్లో ఏమీ కనబడనంతగా వణుకుతుంది. అనకాపల్లి దాకా బస్సులన్నీ మమ్మల్ని దాటిపోయాయి.

అద్దెకు తీసుకునేవారు వెనక టైరు అరుగుదల, చైను బిగువు చూసుకుని, స్పోక్ చక్రాలైతే ఒక ట్యూబు అదనంగా అడిగి తీసుకోండి. పెట్రోలు పాడేరులో నిండుగా పోయించుకోండి.