నల్గొండలో హెరాల్డ్ ఇంజిన్ బోరింగ్: దేవరకొండ రోడ్డు షాపుతో నా అనుభవం

ఇంటి వెనుక రేకుల షెడ్డులో రెండేళ్లుగా నేను బాగుచేసుకుంటున్న కారు 1966 నాటి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్. దీన్ని స్పోర్ట్స్ కారు అంటే నవ్వేవాళ్లున్నారు గానీ, 1962లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఈ హెరాల్డ్ చాసిస్‌నే కురచ చేసి కట్టిన బండి. రెండింటికీ రూపమిచ్చినవాడు ఇటలీకి చెందిన మిచెలోట్టి. మద్రాసులో తయారైన మన హెరాల్డ్‌లో 948 సి.సి. ఇంజిన్, ఒకే కార్బురేటర్ ఉండేవి. బానెట్‌తో పాటు ముందు మడ్‌గార్డులు కూడా ఒకే ముక్కగా ముందుకు వాలతాయి కాబట్టి, టైరు మీద కూర్చుని పని చేసుకునే సౌకర్యం ఈ కారులో ఉన్నంతగా నేను మరో కారులో చూడలేదు. విప్పడం, తుప్పు గీకడం, వైరింగు, బ్రేకులు ఇంట్లోనే చేసుకోవచ్చు. సిలిండర్ బోరింగ్ (అరిగిన సిలిండర్ లోపలి గోడను చెక్కి వెడల్పు చేయడం), క్రాంక్ గ్రైండింగ్ (పిస్టన్లు తిప్పే ఇరుసును అరగదీసి నునుపు చేయడం), వాల్వ్ సీట్లు (మూసుకున్న వాల్వులు ఆనుకునే అంచులు) మాత్రం యంత్రాలున్న చోటికి వెళ్లక తప్పదు. అందుకోసం నేను ఎంచుకున్న షాపు గురించే ఈ సమీక్ష.

దేవరకొండ రోడ్డులో ఉన్న ఆ షాపు బోర్డు వెలిసిపోయి "బోరింగ్ వర్క్స్" అన్న అక్షరాలే మిగిలాయి. ట్రాక్టర్ ఇంజిన్లు, బోరుబావి మోటార్ల షాఫ్టులే దాని ప్రధాన వ్యాపారం. హైదరాబాద్ ఆటోనగర్‌కు పోకుండా ఇక్కడికి రావడానికి కారణం దూరం ఒక్కటే కాదు. పని జరుగుతున్నప్పుడు పక్కన నిలబడి చూడనిచ్చే షాపులు అక్కడ నాకు దొరకలేదు. బోరు మోటార్లు పైకి లాగే మూడుకాళ్ల స్టాండును ఒకరోజుకు అద్దెకు తెచ్చి ఇంజిన్‌ను దించి, ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లాను.

షాపు యజమాని అరవై దాటిన మనిషి, అందరూ చాచా అంటారు. ఆయన మొదట చేసిన పని నన్ను మాట్లాడనివ్వకుండా సన్నటి తేడాలు కొలిచే డయల్ గేజీ పట్టుకోవడం. కొత్తలో 63 మి.మీ. ఉండే బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, నాలుగో సిలిండర్ పైభాగంలో 63.20, అడుగున 63.04 చూపింది. పైన పిస్టన్ రింగులు ఆగే చోట అంత అరిగిన బోరులో రింగులు మార్చడం దండగ అని నాకే చూపించి, ఇరవై థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) ఓవర్‌సైజుకు పోవాలన్నాడు. స్లీవులు, అంటే లోపల కొత్త గొట్టాలు, వేసి పాత కొలతకే తెమ్మని నేను అడిగితే, గోడ మందం బాగానే ఉండగా స్లీవులకు డబ్బు ఎందుకని ఒద్దన్నాడు. అంతకంటే నాకు నచ్చిన సంగతి, పిస్టన్లు చేతికి వచ్చేదాకా బ్లాకును ముట్టనని చెప్పడం. ముందు బోరు కొట్టి తర్వాత పిస్టన్లు వెతికే షాపుల వల్ల ఇంజిన్లు పాడైన కథలు చాలా విన్నాను. చెన్నైలోని పాత స్పేర్ల కొట్టు నుంచి పిస్టన్లు రావడానికి మూడు వారాలు పట్టింది. వచ్చాక ఒక్కో పిస్టన్‌ను విడిగా కొలిచి, దాని మీద దాని సిలిండర్ అంకె రాసి, రెండున్నర థౌ, అంటే సుమారు 0.06 మి.మీ. సందు వదిలి హోనింగ్ చేశాడు, అంటే గోడను రాతితో నునుపుగా రుద్దాడు. ఆ బోరుతో ఇంజిన్ 963 సి.సి. అయింది.

సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు దగ్గర మాత్రం మా ఇద్దరికీ వాదన జరిగింది. స్పిట్‌ఫైర్‌లా జంట కార్బురేటర్లు పెట్టాలని, హెడ్డును బాగా చెక్కించి కంప్రెషన్ (సిలిండర్లో పెట్రోలు, గాలి మిశ్రమం నొక్కుకునే మేర) పెంచాలని నా కోరిక. అందుకోసం ఎక్కడి నుంచో ఒక జత ఎస్‌.యు. కార్బురేటర్లు తెప్పించి పెట్టుకున్నాను కూడా. నేను రెండు మిల్లీమీటర్లు అనగానే ఆయన హెడ్డును తిరగేసి నా ముందు పెట్టి, "గంత తీస్తే పల్చబడ్తది సార్. ఎండకాలం రోడ్డు మీద గాస్కెట్ కొడ్తది, గప్పుడు నన్ను తిడ్తరు" అన్నాడు. తర్వాత సిరంజితో నూనె పోసి హెడ్డులో పెట్రోలు మండే చాంబరు ఎంత పడుతుందో కొలవమని నాకే పని అప్పగించాడు. లెక్క కట్టి చూస్తే, ఈ బోరుకు చాంబరూ, హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే గాస్కెట్ మందమూ కలిపి 33.8 సి.సి. ఉంటే కంప్రెషన్ నిష్పత్తి 8.1 దాకా వస్తుంది. అది చాలనిపించింది. చివరికి ఉపరితలం సమం కావడానికి 0.15 మి.మీ. మాత్రమే తీశాడు.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఆయన మాటకు ఇంకో రెండు కారణాలు తోడయ్యాయి. హెరాల్డ్ వెనుక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద ఆడతాయి, అంటే మలుపులో వెనుక భాగం లేచినప్పుడు చక్రం లోపలికి మడుచుకునే గుణం ఉంది. స్ప్రింగు మార్చకుండా శక్తి పెంచడం నాగార్జునసాగర్ దారిలోని వంపుల్లో ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రెండోది చట్టం. 2021లో సవరించిన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకే వి.ఎ. అక్షరాలున్న వింటేజ్ నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. చాసిస్, బాడీ, ఇంజిన్ మారిస్తే ఆ దారి మూసుకుంటుంది. ఎస్‌.యు. కార్బురేటర్లు ఇప్పుడు పాత దినపత్రికలో చుట్టి బీరువా మీద ఉన్నాయి. మార్పులన్నీ డిస్ట్రిబ్యూటర్ మూత కింద దాగే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు, ఇథనాల్ కలిసిన పెట్రోలును తట్టుకునే గొట్టాలకు పరిమితం చేసుకున్నాను.

వాల్వ్ సీట్లను అరగకుండా కాపాడే సీసం కలిపిన పెట్రోలు 2000లోనే దేశమంతటా ఆగిపోయింది గనుక, మెత్తటి పోత ఇనుము హెడ్డుకు నాలుగు ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గర గట్టి సీట్లు వేయించాను. ఆ పని అందంగా వచ్చింది. బ్లాకు నీటి దారుల్లో, ముఖ్యంగా నాలుగో సిలిండర్ వెనుక, వేలు మందాన సున్నపు పెచ్చు బయటపడింది. మన బోరు నీళ్ల కాఠిన్యం ఏమిటో నల్గొండ వాళ్లకు చెప్పనక్కరలేదు. ఇకపై రేడియేటర్లో డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ తప్ప వేరే నీటిబొట్టు పోయను.

ఇక లోపాలు. పది రోజులన్న పని, పిస్టన్లు వచ్చాక కూడా ఏడు వారాలు సాగింది. ఎండాకాలం బోరు మోటారు చెడిపోయిన రైతు వస్తే నా బ్లాకు పక్కకు జరిగేది. పొలం ఎండుతుంటే నా సరదా ముందు పడాలని నేనూ అడగలేకపోయాను గానీ, తేదీ మాత్రం నిజం చెప్పి ఉండాల్సింది. రెండోది దీనికన్నా పెద్దది. గ్రైండింగ్ అయిన క్రాంక్ ఆయిలు రంధ్రాల్లో ఉక్కు రజను మిగిలింది. ఇంటికి తెచ్చి సన్నటి బ్రష్షుతో కిరోసిన్ పెట్టి కడిగితే గిన్నె అడుగున మెరుస్తూ కనబడింది. కడగకుండా బిగించి ఉంటే కొత్త బేరింగులు మొదటి వంద కిలోమీటర్లలోనే పోయేవి. చెప్తే ఆయన కొడుకు "కడిగినం సార్" అన్నాడు తప్ప ఒప్పుకోలేదు. ఒక వాల్వు గైడు (వాల్వు కాడ ఆడే గొట్టం) వదులుగా రావడంతో పొద్దున స్టార్టు చేయగానే నీలి పొగ వచ్చేది. దాన్ని ఉచితంగా మార్చారు, ఆటో కిరాయి నాదే. రసీదు ఇవ్వరు, కొలతలు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట వెనుక రాసిస్తారు.

బోరింగ్, హోనింగ్‌కు 2,400, క్రాంక్‌కు 3,200, నాలుగు సీట్లకు 2,800, హెడ్డు ఫేసింగ్‌కు 900, మొత్తం 9,300 రూపాయలు తీసుకున్నారు. ఇప్పటికి కారు 1,100 కిలోమీటర్లు తిరిగింది, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ ఒత్తిడి 145 నుంచి 150 పి.ఎస్‌.ఐ. మధ్య ఉంది. బోరు పనికీ సీట్లకూ మళ్లీ అక్కడికే వెళ్తాను. క్రాంక్ ఇచ్చేవాళ్లు తెచ్చుకున్న వెంటనే ప్రతి రంధ్రాన్నీ స్వయంగా కడుక్కోవాలి. తొందర ఉన్నవాళ్లు వానలు పడి బోర్లలో నీళ్లు పైకి వచ్చాక, దసరా ముందు వెళ్తే చాచా చేతిలో ఖాళీ ఉంటుంది.