కోటసారస్‌ను చూడటానికి హైదరాబాద్ పోయొచ్చాం

డైనోసార్ సినిమాల అభిమానులు హైదరాబాద్‌లో కలుస్తున్నారని మెసేజ్ వచ్చింది. మొదటి రోజు పొద్దున ముచ్చట్లు, మధ్యాహ్నం మ్యూజియం, మర్నాడు రోబో డైనోసార్ల ఎగ్జిబిషన్. మా మంచిర్యాల ఇంట్లో ఎగిరి గంతేసింది మా మేనల్లుడు ఒక్కడే. వాడిది ఐదో తరగతి. మా అక్క మాత్రం "బొక్కలు చూసుటానికి గంత దూరం పోవుడేందిరా?" అంది. ఆ బొక్కలు మన దిక్కు నుంచే అక్కడికి పోయాయని చెప్తే నమ్మలేదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో జియలాజికల్ సర్వే వాళ్లకు దొరికిన కోటసారస్ అనే డైనోసార్ ఎముకలతో కట్టిన అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఈ ప్రయాణానికి నేను ఒప్పుకున్నది దాని కోసమే. సినిమా మీద ప్రేమ మేనల్లుడిది.

సికింద్రాబాద్‌లో దిగి మెట్రో ఎక్కాం. సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి నీలం లైన్‌లో అమీర్‌పేట, అక్కడ మారి ఎర్ర లైన్‌లో లక్డీకాపూల్. సామాను తక్కువగా ఉంటే ఆటో బేరాల కన్నా ఇదే మేలు. బిర్లా మ్యూజియానికి అసెంబ్లీ స్టేషన్ ఇంకా దగ్గర. అందుకే ఇలాంటి పని మీద వచ్చేవాళ్లు లక్డీకాపూల్, నాంపల్లి మధ్య ఎక్కడైనా దిగడం మంచిది. మా గుంపులో కొందరు ఆఫీసు అలవాటు కొద్దీ హైటెక్ సిటీ వైపు రూములు తీసుకున్నారు. రూములు బాగున్నాయి కానీ రెండు రోజులూ ఆలస్యంగా వచ్చి మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

మేం మొదటి రాత్రి నాంపల్లి వైపు ఒక లాడ్జిలో ఉన్నాం. ఆన్‌లైన్ ఫొటోలో కనిపించిన కిటికీ ఉంది, తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. వేడినీళ్లు పొద్దున రెండు గంటలే వస్తాయని రిసెప్షన్‌లో అతను ముందే చెప్పాడు, మాట తప్పలేదు. దుప్పటి మార్చమంటే మార్చాడు. ఎప్పుడు దిగితే అక్కడి నుంచి ఇరవై నాలుగు గంటలు లెక్క కాబట్టి సాయంత్రం దిగినవాళ్లకు నష్టం లేదు. ఒక్కడినే అయితే అక్కడే ఉండేవాడిని. పిల్లాడితో రాత్రంతా రోడ్డు మీది హారన్లు వినడం కష్టమైంది. మర్నాడు లక్డీకాపూల్‌లో ఒక మామూలు హోటల్‌కి మారాం. కిరాయి రెట్టింపుకు కాస్త తక్కువ, పొద్దున ఇడ్లీ వడ అందులోనే. నిద్ర పట్టింది, ఆ తేడా డబ్బులకు అది చాలు. దగ్గర్లోనే నీలోఫర్ కేఫ్ ఉండటం వల్ల చాయ్, ఉస్మానియా బిస్కెట్ల ఖర్చు మాత్రం నా లెక్కలోకి రాకుండా పెరిగింది.

అభిమానుల కలయిక హిమాయత్‌నగర్‌లో ఒక కేఫ్ మేడ మీద హాల్లో. సినిమా వేయలేదు, అదే మంచిదైంది. ఎవరికి నచ్చిన సీన్ గురించి వాళ్లు లేచి మాట్లాడాలి, మిగతావాళ్లు అడ్డుప్రశ్నలు వేయాలి. కాలేజీ పిల్లలు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, పిల్లల్ని తెచ్చిన తల్లిదండ్రులు, జియాలజీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఇంతమంది ముందు మాట్లాడాలంటే టెన్షన్ పడ్డ ఇంటర్ కుర్రాడే అందరికన్నా బాగా చెప్పాడు. 1993లో స్పీల్‌బర్గ్ తీసిన 'జురాసిక్ పార్క్' రెండు గంటలకు పైగా నడిస్తే, అందులో డైనోసార్లు తెర మీద కనిపించేది సుమారు పదిహేను నిమిషాలేనట. అందులోనూ కంప్యూటర్‌తో చేసింది సగం కూడా లేదు, మిగతాదంతా మరమనుషుల్లాంటి బొమ్మల పనే. వానలో టి.రెక్స్ అనే పెద్ద మాంసాహార డైనోసార్ వచ్చే సీన్‌లో ఆ బొమ్మ చర్మం నీళ్లు పీల్చుకుని బరువెక్కి వణికేదని, షాట్‌కీ షాట్‌కీ మధ్య తుడిచి ఆరబెట్టేవారని చెప్పాడు. గ్లాసులో నీళ్లు వలయాలుగా కదిలే షాట్ కోసం కారు డాష్‌బోర్డు కింద గిటార్ తీగ కట్టి మీటారని చెప్పగానే మావాడు బల్ల మీది గ్లాసు కింద చెయ్యి పెట్టి చూశాడు. టి.రెక్స్ గర్జనలో ఏనుగు పిల్ల, పులి, మొసలి జాతి జంతువు గొంతులు కలిశాయన్న సంగతి నాకు అక్కడే తెలిసింది.

తర్వాత క్విజ్. ఆ సినిమాలో నిజంగా జురాసిక్ కాలం నాటివి ఏవి? అందరూ టి.రెక్స్‌తో మొదలుపెట్టి దెబ్బతిన్నారు. టి.రెక్స్, ట్రైసెరటాప్స్, వెలాసిరాప్టర్, అన్నీ ఆ తర్వాతి క్రిటేషియస్ కాలానివి. చెట్టు ఆకులు మేసే పొడుగు మెడ బ్రాకియోసారస్, విషం ఉమ్మేదిగా చూపిన డైలోఫోసారస్ మాత్రమే జురాసిక్‌వి. డైలోఫోసారస్ విషం ఉమ్మిందనడానికీ, మెడ చుట్టూ గొడుగు విప్పిందనడానికీ ఆధారం ఏదీ లేదు. వంటగదిలో పిల్లల్ని తరిమిన వెలాసిరాప్టర్ అసలు సైజు టర్కీ కోడంత, పైగా దానికి ఈకలు ఉండేవి. 2007లో దాని ముంజేతి ఎముక మీద ఈకలు అతుక్కున్న గుర్తులు దొరికాయి. ఇది విని ఒక చిన్నపాప "అయితే కోడినే చూసి భయపడ్డామా?" అంటే హాలంతా నవ్వులు.

నిర్వాహకుల పనితీరు గురించి ఒక మాట. టైముకు మొదలుపెట్టారు, మైకు పనిచేసింది, పిల్లలకు ముందు భోజనం పెట్టారు. వెజ్ బిర్యానీ డబ్బాల్లో బిర్యానీ తక్కువ, ఉల్లిగడ్డ ఎక్కువ. మెట్లెక్కలేని వాళ్ల కోసం లిఫ్ట్ ఉన్న చోటు వెతికి ఉంటే బాగుండేది. టీషర్టులు పెద్దల సైజుల్లోనే ఉన్నాయి. డైనోసార్ కార్యక్రమానికి పిల్లలు వస్తారని ఎవరికీ తట్టకపోవడం విచిత్రం.

మధ్యాహ్నం మ్యూజియం. అది ఉన్న నౌబత్ పహాడ్ గుట్ట ఎక్కేటప్పుడు ఎండ గట్టిగా ఉంది. ఆ పెద్దాయన ఆయాసపడుతూనే దారి పక్క బండరాయి మీద చెయ్యి వేసి పాఠం మొదలుపెట్టారు. హైదరాబాద్ గుట్టలన్నీ గ్రానైట్, దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటివి. భూమి లోపల కరిగి గట్టిపడిన రాయి కాబట్టి ఇందులో ఏ ఎముకా దొరకదు. డైనోసార్ ఎముక కావాలంటే నదులు, సరస్సులు ఒండ్రు పరిచిన చోటుకు పోవాలి. అంటే మన ప్రాణహిత–గోదావరి లోయకు. "మీ ఊరి పక్కనే సార్ ఆ పుస్తకం. ఇక్కడున్నది అందులో ఒక్క పేజీ" అన్నారు నాతో. నలుగురిలో ఆ మాట విన్నాక నా నడక కాస్త మారిందని మేనల్లుడు తర్వాత వెక్కిరించాడు.

డైనోసారియం గదిలోకి వెళ్లగానే వాడు నోరు మూశాడు. వాడు అంతసేపు నోరు మూయడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. సినిమాలో లాగా ఉరుములు, మెరుపులు ఏమీ లేవు. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ పొడుగు మెడ జంతువు, పొడుగు తోక, మధ్యలో పెద్ద పెద్ద పక్కటెముకలు. "మామా, గివి నిజం బొక్కలేనా?" అని నా చెవిలో అడిగాడు. యామన్‌పల్లి దగ్గర ఒకే చోట దొరికినవి 840 ఎముకలు, అవి ఇంచుమించు 12 జంతువులవి. వాటిలో చాలా ఎముకలను కలిపి ఈ ఒక్క రూపం నిలబెట్టారు. అంటే మనం చూస్తున్నది ఒక్క డైనోసార్ కాదు, ఒక మందలో నుంచి తలా కొన్ని ఎముకలు ఇస్తే తయారైన డైనోసార్. పుర్రె దొరకలేదు, దొరికింది రెండు పళ్లే. కాబట్టి తల ఎలా ఉండేదన్నది దగ్గరి జాతులను చూసి వేసుకున్న అంచనా. దీనికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని 1988లో పేరు పెట్టింది జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త యాదగిరి గారు. శాస్త్రం పుస్తకాల్లో మన పల్లెటూరి పేరు లాటిన్ తోక తగిలించుకుని తిరుగుతోందన్నమాట.

పెద్దాయన చెప్పిన ఇంకో లెక్క నన్ను చాలాసేపు వదల్లేదు. కోటసారస్ బతికింది జురాసిక్ మొదటి భాగంలో, సుమారు 18 కోట్ల ఏళ్ల కింద. టి.రెక్స్ బతికింది 6.6 నుంచి 6.8 కోట్ల ఏళ్ల కింద. ఆ రెండింటి మధ్య ఎడం 11 కోట్ల ఏళ్లు. కాలం లెక్కన టి.రెక్స్‌కు కోటసారస్ కన్నా మనమే దగ్గర! పొద్దున క్విజ్‌లో గెలిచినవాళ్లు కూడా ఇది విని వేళ్లు మడిచి లెక్కేసుకున్నారు. సినిమా పేరుకు అసలైన హక్కుదారు ఎవరంటే కొండ మీద నిలబడ్డ మన కోటసారసే, అదీ బ్రాకియోసారస్ కన్నా ఎన్నో కోట్ల ఏళ్లు ముందుది.

ఎముకలను పొలం నుంచి మ్యూజియం దాకా ఎలా తెస్తారో కూడా ఆయన చేతులతో చూపిస్తూ చెప్పారు. బయటపడ్డ ఎముక చుట్టూ మట్టి తొలిచి, తడి కాగితం పరిచి, గోనెగుడ్డను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి కట్టు కడతారు. చెయ్యి విరిగితే డాక్టర్ కట్టే పిండికట్టు లాంటిదే. ఆరాక మొత్తం దిమ్మను తిప్పి కిందివైపు కూడా కట్టి లారీకి ఎక్కిస్తారు. లాబ్‌లో సన్నటి ఉలితో, సూదితో రాయి వదిలించడానికి ఒక్కో ఎముకకు నెలలు పట్టొచ్చు. ఈ గంటే మొత్తం యాత్రకు ప్రాణం. అందుకే చెప్తున్నాను, వీలైతే ఈ సంగతులు తెలిసినవాళ్లతో వెళ్లండి, లేదా ఇంటి దగ్గరే కాస్త చదువుకుని వెళ్లండి. ఏమీ తెలియకుండా పోతే ఐదు నిమిషాల్లో సెల్ఫీ తీసుకుని బయటపడతారు. మా కళ్ల ముందే చాలామంది అలాగే వెళ్లిపోయారు.

మిగతా గదులు, అంతరిక్ష విభాగం త్వరగా చుట్టేశాం. ప్లానెటేరియానికి టికెట్ వేరు, షో ఏ భాషలో ఎన్నింటికో అడిగి తీసుకోవాలి. తెలుగు షో దొరికితే పిల్లలకు అదే ఇప్పించండి. పక్కనే బిర్లా మందిర్. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి గుంపులో ఎవరైనా తప్పిపోతే వెతుక్కోవడానికి ముందే ఒక చోటు అనుకోండి.

రెండో రోజు రోబో డైనోసార్ల ఎగ్జిబిషన్, ఊరి చివర ఒక మైదానంలో. మెట్రో లేదు, ఆటోకు వెళ్లేటప్పుడు ఒక రేటు, వచ్చేటప్పుడు ఇంకో రేటు. ఇద్దరికీ కలిపి టికెట్‌కు ఇచ్చింది మ్యూజియంలో ఇచ్చినదానికి ఎన్నో రెట్లు. లోపల ఫొటో పాయింట్‌కు వేరే, డైనోసార్ పిల్ల మీద కూర్చోబెట్టడానికి వేరే. రబ్బరు టి.రెక్స్ నోరు తెరుస్తుంది, తల ఊపుతుంది, అరుస్తుంది. ఒక డొక్కలో చిరుగు నుంచి స్పాంజి కనిపించింది. బోర్డు మీద టెరోసార్‌ను "ఎగిరే డైనోసార్" అని రాశారు. టెరోసార్లు డైనోసార్లు కావని మావాడు కౌంటర్‌లో చెప్పొచ్చాడు. వాళ్లు "సరే బాబూ" అన్నారు. భారతదేశపు డైనోసార్ ఒక్కటీ లేదు. గుజరాత్ వైపు దొరికిన రాజాసారస్ బొమ్మ పెట్టినా జనం ఆగి చూసేవాళ్లు. అయినా వాడికి నచ్చింది, అది దాచి లాభం లేదు. నాలుగేళ్ల లోపు పిల్లలు మాత్రం ఆ అరుపులకు జడుసుకుని ఏడుస్తున్నారు, వాళ్లను తీసుకెళ్లకండి. నా డబ్బులైతే దీనికి మళ్లీ పెట్టను.

అక్కడ నుంచి బహదూర్‌పురా జూకు పోదామన్నారు కొందరు. డైనోసార్ బొమ్మలు అక్కడా ఉన్నాయి, కానీ 380 ఎకరాల జూను సాయంత్రం పూట చూడటం దండగ, దానికి ఒక రోజు పెట్టాలి. సోమవారం సెలవు. మేం బ్యాటరీ బండి ఎక్కి నేరుగా నిప్పుకోళ్ల దగ్గర దిగాం. పక్షులు డైనోసార్ల వంశమే కాబట్టి దాని కాళ్లు చూడమని పెద్దాయన ఫోన్‌లో మావాడికి హోంవర్క్ ఇచ్చారు మరి. పొలుసుల కాళ్లు, గోళ్లు, అడుగు వేసే తీరు చూసి "మామా, గిది సినిమా దానికంటే మస్తుంది" అన్నాడు. రాత్రి మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం తిని పడుకున్నాం.

ఇప్పుడు గుంపులో కొత్త చర్చ నడుస్తోంది. ప్రాణహితకు అవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని సిరోంచ దగ్గర పోచంపల్లి వైపు దొరికిన బరాపాసారస్ అనే ఇంకో డైనోసార్ అస్థిపంజరం కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. 1961లో, టాగూర్ శతజయంతి ఏడాదిలో దాని తవ్వకం సాగింది కాబట్టి పేరులో టాగోరై అని చేర్చారు. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, అంటే నా అంత పొడుగు. దీనికి కూడా తల దొరకలేదు. కలకత్తా ట్రిప్‌కు నేనూ మావాడూ పేర్లు ఇచ్చాం. పెద్దాయన వస్తేనే వస్తామని, భోజనం డబ్బాల్లో వద్దని, రూములు మ్యూజియం దగ్గర తీసుకోవాలని రాశాను.