ఫార్మా ఎంఎస్ కోసం రాజమండ్రిలో కన్సల్టెన్సీకి వెళ్ళాం, 3 స్టార్లే ఎందుకిచ్చానంటే

మాది అంబాజీపేట అండి. మా తమ్ముడు ఈ ఏడే బీఫార్మసీ అయ్యాడు, అమెరికాలో ఎంఎస్ చేస్తానంటే నాన్నగారూ నేనూ వాడిని తీసుకుని రాజమండ్రిలో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాం, మొత్తం 5 సార్లు తిరిగాం, రావులపాలెంలో బస్సు మారి వెళ్ళొచ్చేసరికి రోజంతా పోయేది.

ముందు మంచి చెప్తాను. పేపర్ వర్క్ చాలా బాగా చేస్తారు. ట్రాన్‌స్క్రిప్ట్స్‌కి (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల రికార్డు) ఎలా అప్లై చేయాలి, అడ్మిషన్ కోసం రాసే జీఆర్‌ఈ పరీక్ష స్కోరు 5 ఏళ్ళు పనికొస్తుంది కానీ ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ 2 ఏళ్ళే కాబట్టి ఏది ముందు రాయాలి, బ్యాంకులో ఎంత చూపించాలి, అన్నీ ఓపిగ్గా చెప్పారు. మేడమ్ ఒకావిడ నాన్నగారికి లోన్ కాగితాలు రెండు సార్లు చదివి వినిపించారు, ఆ మర్యాద మర్చిపోలేను.

ఇబ్బంది ఎక్కడంటే, వాళ్ళిచ్చిన లిస్టులో 6 యూనివర్సిటీలూ కోర్స్‌వర్క్ ఎంఎస్‌లే. థీసిస్ (ల్యాబ్‌లో రీసెర్చ్ చేసి రాసేది) ఉన్నవి ఎందుకు లేవు సార్ అంటే "అవి లేటండి, ఇదైతే ఏడాదిన్నరలో బయటపడతాడు" అన్నారు. అది నిజమే. 30 క్రెడిట్ల దాకా క్లాసులు, పరీక్షలు, ఆఖర్లో ఒక ప్రాజెక్టు, అంతే. క్వాలిటీ, రెగ్యులేటరీ అఫైర్స్ వైపు వెళ్ళేవాళ్ళకి అది చక్కగా సరిపోతుంది కూడా, నేను కాదనను. పైగా చదువయ్యాక అక్కడ పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ పర్మిషన్ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ లాంటివి) కోర్సైతే ఇంకో 24 నెలలు, థీసిస్ ఉన్నా లేకపోయినా అదే లెక్క. కానీ మావాడికి ఫార్ములేషన్ (మందుని టాబ్లెట్ లాంటి రూపంలోకి తయారుచేయడం) అంటే పిచ్చి, తర్వాత పీహెచ్‌డీ చేయాలని ఉంది. ల్యాబ్‌లో ఒక ప్రొఫెసర్ దగ్గర పని చేయకపోతే రేపు రికమండేషన్ ఎవరిస్తారు, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ (ప్రొఫెసర్ రీసెర్చ్‌లో పని చేస్తే డబ్బులిచ్చేది) దొరక్కపోతే ఫీజంతా నాన్నగారి కొబ్బరితోట మీద లోనే కదా, ఇదంతా మేమే బయట నలుగురినీ అడిగి తెలుసుకోవాల్సొచ్చింది. ఇక్కడ ఎంఫార్మసీ అయితే 2 ఏళ్ళలో సగం థీసిసే, జీప్యాట్ ఎంట్రన్స్ పాసై ఉంటే నెలకి 12,400 స్టైపెండ్ కూడా వస్తుంది, ఆ మాట కూడా ఎత్తలేదు.

నాకు బాగా బాధేసింది ఇంకోటుంది. నాన్నగారు "చదువయ్యాక అక్కడ మందుల షాపులో ఫార్మసిస్టుగా అయినా చేసుకోవచ్చు కదండీ" అని అడిగితే కౌన్సెలర్ గారు చేసుకోవచ్చండీ అనేశారు. తప్పండీ అది. ఎంఎస్ చేస్తే ఫార్మసిస్ట్ లైసెన్స్ రాదు. బయట దేశాల్లో చదివినవాళ్ళు ఎఫ్‌పీజీఈఈ అని పరీక్ష రాయాలి, 2003 తర్వాత పాసైనవాళ్ళకైతే కనీసం 5 ఏళ్ళ ఫార్మసీ డిగ్రీ ఉండాలి, మన బీఫార్మసీ 4 ఏళ్ళే. 6 ఏళ్ళ ఫార్మ్‌డీ వాళ్ళకి దారి ఉంది, మావాడికి లేదు. ఆ ఒక్క మాట నమ్మి తోట తాకట్టు పెట్టే తండ్రులు మన కోనసీమలో ఎంతమంది ఉంటారో!

ఎస్‌ఓపీ సంగతి, అంటే ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నామో యూనివర్సిటీకి రాసిచ్చే కాగితం. వాళ్ళు రాసిచ్చిన దాంట్లో "చిన్నప్పటి నుంచి మందులంటే ఆసక్తి" అని ఉంది, వెనక కుర్రాడి దాంట్లోనూ అదే లైను. మేం తీసేసి వాడు ప్రాజెక్టులో చేసిందే రాయించాం, టాబ్లెట్ ఎంత త్వరగా కరుగుతుందో చూసే డిసల్యూషన్ మిషన్ దగ్గర 900 ఎంఎల్ బఫర్, 37 డిగ్రీలు, టైముకి టైముకి 5 ఎంఎల్ తీయడం, మళ్ళీ 5 ఎంఎల్ కొత్తది పోయడం, రెండో బ్యాచ్ టాబ్లెట్లు ఎందుకు ఆలస్యంగా కరిగాయో వాడు కనిపెట్టిన సంగతి. అది చదివి ఆ మేడమే "ఇదే పంపుదాం బాబూ" అన్నారు.

వెళ్ళేవాళ్ళు మొదటి రోజే అడగండి, ఇది థీసిసా కోర్స్‌వర్కా, మధ్యలో మార్చుకోవచ్చా, అసిస్టెంట్‌షిప్ ఎవరికిస్తారు అని. మేం గట్టిగా అడిగాక థీసిస్ ఉన్నవి 2 కలిపారు, ఇప్పుడు ఆ రెండిటికే అప్లై చేస్తున్నాం, ట్రాన్‌స్క్రిప్ట్స్ రావాలి అంతే.