గోదావరి తేమలో పాలీఫైబర్: పొరలూడిన రెక్కకు ఎంతవరకు పనికొస్తుంది?

గుడ్డ కప్పిన తేలికపాటి విమానంలో పొరలు ఊడుతుంటే, ఊడేది ఏదో ముందు తేల్చుకోవాలి. రంగు గుడ్డను వదిలేస్తోందా, గుడ్డే చట్రపు గొట్టాన్ని వదిలేస్తోందా? మొదటిది పూత లోపం, రెండోది జిగురు లోపం. గుడ్డ విమానాలకు జిగురు, పూతలు తయారుచేసే పాలీఫైబర్ సంస్థ సామాను రెండింటికీ పనికొస్తుంది. అయితే రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా ఉండే గాలిలో పని నిలిచేదీ నిలవనిదీ ఏ రెడ్యూసర్ (పూతను పలచన చేసే ద్రావకం) తెప్పించారన్న దాని మీదే ఉంటుంది.

ఈ వరుసలో పాలీటాక్ జిగురు. పాలీబ్రష్ గుడ్డను పట్టుకునే గులాబీ రంగు పూత. పాలీస్ప్రే అల్యూమినియం కలిసిన వెండి పూత, పాలీటోన్ పైరంగు. నాలుగూ ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) అనే ద్రావకంలో కరుగుతాయి. మా దృష్టిలో దీని అసలు బలం ఇదే. ఎంఈకేలో తడిపిన తెల్ల నూలుగుడ్డను ఊడిన అంచు మీద కాసేపు ఉంచితే రంగు, వెండి మెత్తబడి తుడుచుకొస్తాయి. గట్టిగా పట్టుకున్న గులాబీ పొర తగిలేదాకా తుడవాలి. పైన పాలీయురేథేన్ రంగు వేసిన రెక్కకు ఈ సౌకర్యం లేదు. గరుకు కాగితంతో రుద్దాల్సిందే, ఏమాత్రం చెయ్యి జారినా పోగులు తెగుతాయి.

పాలిస్టర్ దారం నూలులా పూతను పీల్చుకోదు. పాలీబ్రష్ నేత సందుల్లోంచి దిగి పోగుల చుట్టూ బిగుసుకుంటేనే పట్టు. అందుకే మొదటి కోటు కుంచెతోనే వేయాలి, పాలీబ్రష్ మూడు పాళ్లకు రెడ్యూసర్ ఒక పాలు కలిపి. దాన్ని స్ప్రే గన్నుతో కొట్టేస్తే పూత పైపైనే ఉండి, కొన్నాళ్లకు పొరలుగా లేస్తుంది. మాస్కింగ్ టేపు అదిమి లాగి చూడండి. కింద గులాబీ ఛాయ లేకుండా తెల్ల పోగులు బయటపడితే అతుకుతో కాదు, ఆ ప్యానెల్ అంతా విప్పి మొదటి కోటు నుంచి వేయాలి.

ఇక తేమ. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పూత ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని నీరు దాని మీద చేరి పూత తెల్లబారుతుంది. అలా తెల్లబారిన కోటు బలహీనం. దాని మీద ఏం వేసినా దానితోపాటే లేస్తుంది. మామూలుగా వచ్చే ఆర్ 65-75 రెడ్యూసర్ 18 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ వాతావరణానికి తయారైంది. డెల్టాకు నెమ్మదిగా ఆరే ఆర్ 8500 తెప్పించుకోండి. అప్పటికీ తెల్లబారుతుంటే, ఆరడాన్ని ఇంకా నెమ్మది చేసే బీఆర్ 8600 కొద్దిగా కలపాలి. ఎక్కువైతే కోటు లోపల ఆరక మెత్తగా ఉండిపోతుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. చలికాలంలోనూ మంచు పూర్తిగా విడిచాకే గన్ను పట్టాలి. కార్ల రంగుల దుకాణంలో దొరికే థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి.

చిరుగుకు అతుకు వేస్తే అన్ని వైపులా కనీసం 2 అంగుళాలు పాత గుడ్డ మీదికి రావాలి. అంటించేది పాలీటాక్‌తో. అంచు టేపులకు మాత్రం పాలీబ్రష్ వాడాలి. గుడ్డను బిగించడానికి ఇస్త్రీపెట్టె 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలుపెట్టి 177 దగ్గర ఆపాలి. అది దాటితే గుడ్డ బిగియడం మాని వదులవుతుంది. పెట్టె మీది అంకెల్ని నమ్మకుండా థర్మామీటరుతో కొలవండి. వెండి పూత అడ్డంగా, నిలువుగా వేశాక చీకట్లో రెక్క లోపల బల్బు పెట్టి చూడాలి. వెలుగు కనబడిన చోటల్లా ఎండ గుడ్డను తినేస్తుంది.

గుడ్డే గొట్టాన్ని వదిలేస్తుంటే జిగురును తప్పుపట్టే ముందు కింది ప్రైమర్ (గొట్టానికి వేసే తొలి పూత) చూడండి. పాలీటాక్‌లోని ఎంఈకే మామూలు ప్రైమర్‌ను మెత్తబరుస్తుంది, జిగురు దానితోపాటే ఊడొస్తుంది. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరే వేయాలి. ఈ సంస్థది ఈపీ 420.

లోటు లేకపోలేదు. పాలీటోన్‌కు అద్దం లాంటి మెరుపు రాదు. మండే ద్రవాలు కాబట్టి మామూలు కొరియర్ తీసుకోదు, ఖర్చు పెరుగుతుంది. వీటీ (భారత విమానాల నమోదు గుర్తు) రిజిస్ట్రేషన్ ఉన్న విమానమైతే లైసెన్సున్న ఇంజినీరు సంతకం లేనిదే ఎగరకూడదు. గ్రేడ్ ఏ (విమానాల నూలుగుడ్డ బలానికి ఒక ప్రమాణం) గుడ్డ కావలసిన విమానంలో గుడ్డ బలం అంగుళానికి 56 పౌండ్ల కంటే తగ్గిందని తేలితే, ఈ డబ్బాలేవీ కొనకండి. పాత గుడ్డ తీసేసి కొత్తది కప్పించండి.