స్టాక్ స్విఫ్ట్‌కి టర్బో: నాలుగేళ్లు వాడాక

బెంగళూరులో చిన్న కారుకి టర్బో (ఎగ్జాస్ట్ వేగంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే ఫ్యాన్) వేయించుకోవాలని చూస్తున్నవాళ్లకి ఒక మాట ముందే చెప్తాను. నా బండి ఇంకా బాగానే నడుస్తోంది, ఇంజిన్‌కి ఏమీ కాలేదు. అయినా ఇంట్లో ఉన్నది ఒక్కటే కారైతే ఈ జోలికి పోకండి.

బండి 2015 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్, 1.2 లీటర్ల కే-సిరీస్ ఇంజిన్. కంపెనీ లెక్కలో 84 పీఎస్ పవర్, 115 న్యూటన్ మీటర్ల టార్క్. ఇంజిన్ లోపల ఏదీ ముట్టుకోలేదు. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, హెడ్ గాస్కెట్ అన్నీ కంపెనీతో వచ్చినవే. బయట మాత్రం చాలానే చేరాయి: ఓ డీజిల్ కారు నుంచి తీసిన చిన్న టర్బో, దానికోసం వెల్డింగ్ చేయించిన ఎగ్జాస్ట్ గొట్టం (మేనిఫోల్డ్), బంపర్ వెనక టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, పెట్రోల్ చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, కంపెనీ ఇంజిన్ కంప్యూటర్‌కి తోడు పెట్టే పిగ్గీబ్యాక్ ఈసీయూ, గాలి-ఇంధనం నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ మీటర్. బూస్ట్, అంటే టర్బో అదనంగా తోసే గాలి ఒత్తిడి, 5 పీఎస్‌ఐ. మెకానిక్ మదనపల్లె మనిషి. కనిపించినప్పుడల్లా "ఇంకో రెండు పెంచుదామా సార్" అంటాడు. "వద్దు అన్నా" అనడం నాకు అలవాటైపోయింది.

ఐదు దగ్గరే ఎందుకు ఆగానంటే, ఈ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి 11:1, అంటే గాలి-పెట్రోల్ మిశ్రమాన్ని పదకొండో వంతుకి నొక్కుతుంది. టర్బో లేకుండా మైలేజ్ ఇవ్వడానికి చేసిన లెక్క అది. దాని మీద బూస్ట్ ఎక్కిస్తే మిశ్రమం స్పార్క్ వెలిగించిన మంట చేరేలోపే తనంతట తానే అంటుకుంటుంది. అదే నాకింగ్. అది ముదిరితే పిస్టన్ అంచులు విరుగుతాయి. అందుకే బూస్ట్ వచ్చినప్పుడు ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరుగుతుంది (స్పార్క్ కాస్త ఆలస్యంగా పడుతుంది), గాలి-ఇంధనం నిష్పత్తి 14.7 నుంచి 11.5కి దిగుతుంది (పెట్రోల్ ఎక్కువ పోతుంది), ట్యాంకులో నాకింగ్‌ని తట్టుకునే 95 ఆక్టేన్ పెట్రోల్‌కి తక్కువ పోయను.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్రం పక్కన 14.7 పీఎస్‌ఐ ఉండే గాలి ఒత్తిడి ఇక్కడ 13 చిల్లర. అంటే మామూలు కారు ఇక్కడ పదో వంతు ఊపిరి తక్కువతోనే నడుస్తుంది. ఐదు కలిపితే 18 అవుతుంది. అందులో వేడి, వెనక్కి జరిపిన టైమింగ్ కొంత తినేసినా, మిగిలింది రెండున్నర వేల ఆర్‌పీఎం దాటగానే తెలుస్తుంది. తిరుపతి నుంచి తిరిగొస్తూ మొగిలి ఘాట్‌లో నలుగురం, సామాను, ఏసీ ఉన్నా మూడో గేర్ వదలకుండా లారీలను దాటేస్తుంది. ఇదివరకు అక్కడ ఏసీ ఆపేవాళ్లం.

చెన్నై సంగతి వేరు. బెంగళూరులో ట్యూన్ చేసిన బండిని మే నెలలో వేలూరు దింపి రాణిపేట వైపు తొక్కితే ఇంజిన్‌లోంచి గులకరాళ్లు కదిలినట్టు చప్పుడు మొదలైంది. గేజ్‌లో మాత్రం అదే ఐదు. కానీ ఆ గేజ్ చూపేది బయటి గాలి కంటే ఎంత ఎక్కువ అని. బయట 14 దాటి ఉన్నచోట ఇంజిన్‌లోకి పోయేది 19 పైనే. పైగా ఆ ఎండకి ఇంటర్‌కూలర్ కూడా చల్లార్చలేకపోతోంది. కాలు తేలిక చేసి చెన్నై చేరుకున్నాం. వచ్చాక టైమింగ్ ఇంకో రెండు డిగ్రీలు వెనక్కి జరిపించాక మళ్లీ ఆ చప్పుడు రాలేదు. ట్యూనింగ్ చేయించేవాళ్లు సముద్రమట్టం దగ్గర, ఎండలో కూడా ఒకసారి లాగ్ (ఇంజిన్ రీడింగుల రికార్డు) తీయించండి.

సిటీలో టర్బో ఉన్నా లేనట్టే. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో నిలబడితే బూస్ట్ ఎక్కడిది, బానెట్ కింద వేడి పెరగడం తప్ప! పాత మైలేజ్ 13 ఉండేది, ఇప్పుడు 11 వస్తే గొప్ప. మా ఆవిడకి ఆ ఈల శబ్దం ఇప్పటికీ నచ్చదు, "ఏమండీ, మళ్లీ ఏదో కూస్తోంది" అంటుంది.

మొదట బిగించిన గ్యారేజ్ టర్బో నుంచి ఆయిల్ తిరిగి సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దిగే పైపుని మధ్యలో పైకి వంచి వేసింది. ఆ ఆయిల్ ఒత్తిడితో రాదు, బరువుతో జారాలి. జారక టర్బోలోనే నిలిచి సీల్ దాటింది, సిగ్నల్ దగ్గర నీలి పొగ. వాళ్లు టర్బోనే పోయిందన్నారు. మదనపల్లె అన్న లావు పైపు నిటారుగా వేసి, ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి లాగే పీసీవీ లైన్‌లో వన్-వే వాల్వ్ పెట్టాడు. అదే టర్బో ఇప్పటికీ నడుస్తోంది. ఒక భయం మాత్రం ఉంది: పెట్రోల్ ఇంజిన్ ఎగ్జాస్ట్ వేడి 900 డిగ్రీలు దాటొచ్చు, ఈ టర్బో చూసిన డీజిల్ వేడి అంత ఉండదు. అందుకే హైవే మీద ఎక్కువసేపు తొక్కి పట్టను. ఆపే ముందు కాసేపు ఐడిల్‌లో ఉంచుతాను. ఆయిల్ 5 వేల కిలోమీటర్లకే మారుస్తాను. క్లచ్ జారడం మొదలైతే గట్టిది వేయించాను, ట్రాఫిక్‌లో ఎడమ కాలు నొప్పి దాని పుణ్యమే.

చట్టం విషయంలో "ఎవరడుగుతారు సార్" అనే మాట నమ్మకండి. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే చెప్పని మార్పుల పేరుతో ఇన్సూరెన్స్ క్లెయిమ్ కొట్టేసే వీలూ ఉంది. పాత మేనిఫోల్డ్, ఇంజెక్టర్లు మా అటక మీదే ఉన్నాయి. గుజిరీలో ఎవరైనా మంచి రేటు ఇస్తామన్నా మీవి అమ్మకండి, బండి అమ్మే రోజు అవన్నీ వెనక్కి బిగించాల్సిందే.