87 టయోటా పికప్‌కి ముందు సాలిడ్ యాక్సిల్: తొమ్మిదేళ్ళు వాడాక

ఇది పెట్టించుకున్న వారానికి ఆ ఊపులో రాస్తున్న సమీక్ష కాదు. 2016 మేలో నా 1987 టయోటా పికప్ ముందు భాగంలో కంపెనీ ఇచ్చిన ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఐఎఫ్ఎస్, ముందు చక్రాలు దేనికది విడిగా కదిలేది) మొత్తం కోసి పారేసి కింద సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే దూలం) పెట్టించా, అప్పట్నుంచి బండి దగ్గర దగ్గర 60 వేల మైళ్ళు తిరిగింది, అందులో రాళ్ళ మీదుగా పోయే రూబికాన్ ట్రయిల్ 11 సార్లు. మేం ఉండేది కాలిఫోర్నియాలో ఫోల్సమ్, పొద్దున్నే ఇడ్లీలు తిని బయల్దేరితే లూన్ లేక్ దగ్గర ట్రయిల్ మొదలుకి రెండు గంటల్లో పడతాం, అందుకే ఈ పిచ్చి ఇంతకాలం నిలబడింది.

తెలీనోళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తా. మిగతా ప్రపంచం హైలక్స్ అని పిలిచే బండికి అమెరికాలో పేరే లేదు, ఊరికే ‘పికప్’ అనేవాళ్ళు. 1985 మోడల్ దాకా ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు కూడా సాలిడ్ యాక్సిలే, రెండు కమాన్ కట్టల మీద కూర్చున్న ఇనప దూలం. 1986 నుంచి టోర్షన్ బార్లతో (స్ప్రింగ్‌లా మెలితిరిగే ఇనప కడ్డీలు) ఐఎఫ్ఎస్ వచ్చింది. రోడ్డు మీద అది బ్రహ్మాండంగా ఉంటుంది, అందులో తేడా లేదు. కానీ 33 అంగుళాల టైర్లేసి, టోర్షన్ బార్లు బిగించి ముందు ఎత్తు పెంచి రాళ్ళలోకి దిగితే సీవీ జాయింట్లు (చక్రానికి బలం అందించే కీళ్ళు) ఉండాల్సిన కోణం దాటి వంగిపోయి వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి, స్టీరింగ్ కడ్డీల్ని పట్టుకునే ఐడ్లర్ ఆర్మ్ లూజవుతుంది, స్టీరింగ్ ఒకవైపు చూస్తే చక్రాలు ఇంకోవైపు చూస్తాయి. మూడు ఐడ్లర్ ఆర్మ్‌లు మార్చా. మూడోది లూజయిన రోజు లూన్ లేక్ వైపు మొదట్లోనే వచ్చే గేట్‌కీపర్ అనే రాళ్ళ అడ్డంకి దగ్గర ముందు చక్రం ఒకటి గాల్లో ఊరికే తిరుగుతుంటే, వెనకాల లైన్‌లో ఉన్నోళ్ళంతా ఇంజన్లు ఆపి కూల్‌డ్రింక్‌లు తీసి తాగుతూ కూర్చున్నారు. ఆ రోజే డిసైడయ్యా.

నాన్నకి ఫోన్‌లో చెబితే ‘ఒరేయ్, లక్షలు పోసి ఆ బండిని మన ఎంఎం 540 చేసుకుంటున్నావా’ అన్నాడు. ఊళ్ళో ఆయన పదిహేనేళ్ళు నడిపిన జీపు అది, ముందూ వెనకా కమాన్లే. ఎగతాళికే అన్నాడు గానీ జరిగింది అచ్చం అదే.

యాక్సిల్ 1983 పికప్‌ది, తుక్కు యార్డులో 450 డాలర్లకి దొరికింది. చాలామంది జీప్ రాంగ్లర్ యాక్సిల్ చవగ్గా వస్తుంది కదా పెట్టొచ్చా అని అడుగుతారు. రాంగ్లర్‌కి డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల గుండు) ఎడమ పక్క ఉంటుంది, మన ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె) నుంచి ముందుకొచ్చే షాఫ్ట్ కుడి పక్క, అక్కడికి ఆ కథ అయిపోయింది. పాత టయోటా యాక్సిల్‌తో ఇంకో సుఖం ఏంటంటే ఫోర్ సిలిండర్ బండికి వెనకున్న 8 అంగుళాల థర్డ్ మెంబర్ (డిఫరెన్షియల్ గేర్లుండే ముద్ద), దీనిది ఒకటే, ఇటుది అటు బిగించుకోవచ్చు. నేను రెండింటికీ 5.29 రేషియో గేర్లు వేయించా, ముందుకి లాకర్ (రెండు చక్రాలూ కలిసి తిరిగేలా పట్టేది) కూడా. వెడల్పులో మాత్రం పాత యాక్సిల్ మూడంగుళాలు తక్కువ, ముందు చక్రాలు లోపలికి ముడుచుకున్నట్టు కనబడతాయి, అందుకే ఒక్కో పక్క ఒకటిన్నర అంగుళం స్పేసర్లు. హ్యాంగర్ (కమాన్‌ని ఫ్రేమ్‌కి పట్టించే బ్రాకెట్) కిట్టు, కమాన్లు, షాకబ్జర్లు, గేర్లు, 35 అంగుళాల టైర్లు, వెల్డింగ్ కూలీ అన్నీ కలిపి 6 వేల డాలర్లు దాటింది, బండి కొన్న రేటు దాంట్లో సగం కూడా లేదు. ఇంట్లో ఈ లెక్క ఇప్పటికీ కరెక్టుగా చెప్పలేదు, ఎవరూ చెప్పకండి.

ఇక అసలు కథ. అందరూ యాక్సిల్ గురించి, లాకర్ గురించి, కమాన్ల గురించి గంటలు గంటలు మాట్లాడతారు, నేనూ అంతే. ఈ తొమ్మిదేళ్ళలో నన్ను ఏడిపించింది యాక్సిల్ కాదు, స్టీరింగూ దాని చుట్టూ ఉన్న నట్లూ.

హ్యాంగర్లు వెల్డింగ్ చేసిన షాపు (పేరు వద్దులెండి) బండి ఇచ్చిన రోజు నుంచే అది ఎడమకి లాగేది. అలైన్‌మెంట్ అన్నారు, టైర్ల గాలి అన్నారు, చివరికి రోడ్డే అటు వాలుగా ఉందన్నారు. ఒక ఆదివారం మా ఆవిడ టేపు కొస పట్టుకుంటే నేను ఫ్రేమ్ మీద కంపెనీ వేసిన బెజ్జం నుంచి యాక్సిల్ దాకా ఐమూలగా రెండు పక్కలా కొలిచా, ఒక పక్క ముప్పావు అంగుళం ముందుకుంది. యాక్సిల్ ఫ్రేమ్‌కి లంబంగా కూర్చోలేదన్నమాట. ఒక పక్క హ్యాంగర్ కోసి మళ్ళీ వెల్డ్ చేయాల్సొచ్చింది, ఇంకో చోట, ఇంకో బిల్లు. మీరు చేయించుకుంటే చిన్న టాకాలు వేసిన స్టేజ్‌లోనే టేపు పట్టుకెళ్ళి మీరే కొలవండి, మొహమాటపడొద్దు.

తర్వాత హైవే 50 మీద 48 మైళ్ళ స్పీడ్‌లో ఒక బ్రిడ్జ్ జాయింట్ తగిలింది, అంతే, స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోయేలా కొట్టుకోవడం మొదలెట్టింది, డ్యాష్‌బోర్డ్ మీదున్న వినాయకుడు కింద పడ్డాడు, పక్కకి తీసి ఆపాక కూడా ఐదు నిమిషాలు నా కాళ్ళు ఆగలేదు. డెత్ వాబుల్ అంటే ఊరికే పెట్టిన పేరు కాదు. కొలిపిస్తే క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) దాదాపు సున్నా. కమాన్‌కీ యాక్సిల్‌కీ మధ్య 3 డిగ్రీల స్టీల్ షిమ్‌లు, అంటే ఏటవాలు బిళ్ళలు, పెట్టా (అల్యూమినియంవి చవగ్గా ఉంటాయి, నలిగిపోతాయి, వద్దు). దాంతో ముందు డిఫరెన్షియల్ మూతి కొంచెం కిందకి వాలి, ఫోర్ వీల్‌లో స్పీడ్‌గా పోతే షాఫ్ట్ వణుకుతుంది, కానీ మాన్యువల్ హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్ నుంచి చేత్తో విడదీసేవి) ఫ్రీ చేసుకుంటే రోడ్డు మీద ఆ షాఫ్ట్ అసలు తిరగదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

రెండేళ్ళకి మళ్ళీ వాబుల్. ఈసారి క్యాస్టర్ కాదు, నకుల్ (చక్రం అటూ ఇటూ తిరిగే కీలు) పైన దాన్ని తిప్పే హై స్టీర్ ఆర్మ్‌ని పట్టుకునే నాలుగు నట్లలో రెండు చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి! పక్కనున్నోడికి స్టీరింగ్ అటూ ఇటూ ఊపమని చెప్పి ఆ ఆర్మ్ మీద వేలు పెట్టి చూస్తే వెంట్రుకవాసి కదలిక తెలిసింది, ఆ వెంట్రుకవాసే 35 టైర్ దగ్గరికి వెళ్ళేసరికి వాబుల్. స్టడ్‌లు కొత్తవేసి, కోన్ వాషర్లు శుభ్రంగా తుడిచి, టార్క్ రెంచ్‌తో బిగించి, పెయింట్ మార్కర్‌తో గీత గీశా. ఇప్పుడు ప్రతి ట్రిప్పుకీ ముందు ఆ గీత కదిలిందా లేదా చూడటం నాకు బండి తీసేముందు నిమ్మకాయ తొక్కించడంలాంటిది.

స్టీరింగ్ బాక్స్ మాత్రం ఐఎఫ్ఎస్‌దే వాడుకున్నా, అది మార్చక్కర్లేదు, పైగా 86కి ముందు బండ్లోళ్ళు కూడా క్రాస్‌ఓవర్ స్టీరింగ్ (బాక్స్ నుంచి అవతలి చక్రానికి అడ్డంగా కడ్డీ పోయేది) కోసం ఈ బాక్సే వెతుక్కుని కొనుక్కుంటారు. కానీ బాక్స్ బిగించే చోట ఫ్రేమ్‌కి ప్లేట్ కొట్టించండి. నేను కొట్టించలా. 2019లో బోల్ట్ బెజ్జం నుంచి రెండంగుళాల పగులు కనపడింది, అది కూడా మట్టి కడుగుతుంటే తుప్పు గీతలా ఉందే అని గోకితే.

బర్ఫీల్డ్‌ల (యాక్సిల్ చివర చక్రం దగ్గరుండే కీళ్ళు) సంగతి. బండి కింద చక్రం లోపలి వైపు నల్లగా జిగటగా కారుతుంటే అది బర్ఫ్ సూప్. లోపలి యాక్సిల్ సీలు పోయి డిఫరెన్షియల్ ఆయిల్ నకుల్‌లో గ్రీజుతో కలిసి పల్చని చారు అవుతుంది, వైపర్ సీల్ దాటి బయటికొస్తుంది. మూడేళ్ళకోసారి రెండు పక్కలా విప్పి, కడిగి, కొత్త సీళ్ళు, ట్రనియన్ బేరింగ్‌లు వేసి గ్రీజు నింపుతా. ఒక వీకెండ్ పోతుంది, చేతులకి ఆ వాసన బుధవారం దాకా ఉంటుంది, అన్నం ఆ చేత్తో తినొద్దని పిల్లలు గోల.

కంపెనీ బర్ఫీల్డ్ ఒకసారే విరిగింది. ట్రయిల్‌లో లిటిల్ స్లూస్ అనే చోట స్టీరింగ్ కుడికి ఫుల్ లాక్, రివర్స్‌లో కాస్త గట్టిగా తొక్కా, ఠక్కుమని రాయి పగిలినట్టు ఒక్కటే శబ్దం, తర్వాత చక్రం తిరిగినప్పుడల్లా టక్ టక్. తప్పు నాదే, ముందు లాకర్ పెట్టుకుని ఫుల్ లాక్‌లో యాక్సిలరేటర్ తొక్కకూడదు. కానీ ఇక్కడే ఈ మార్పిడి నాకు నచ్చింది. జాకీ ఎత్తి, క్యాలిపర్ తీగతో వేలాడదీసి, 54 మిల్లీమీటర్ల సాకెట్‌తో హబ్ నట్టు తీసి, స్పిండిల్ కొట్టి ఊడదీసి, షాఫ్ట్ లాగి, ముక్కలు అయస్కాంతంతో ఏరి స్పేర్ తోశా, రెండు గంటలు పట్టింది, సాయంత్రానికి రూబికాన్ స్ప్రింగ్స్‌లో టెంట్ వేసుకుని పులిహోర తింటున్నాం. ఆ తర్వాత క్రోమోలీ ఉక్కువి వేశా, ఇప్పటిదాకా విరగలేదు.

రాళ్ళ మీద ఎలా ఉందంటే, ఒక పక్క చక్రం బండ ఎక్కితే రెండో పక్క చక్రం దానంతటదే కిందకి నొక్కుకుంటుంది, దూలం కదా. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో కంపెనీ ఇచ్చిన 2.28 లో-రేంజ్ గేర్ తీసి 4.7 వేశాక కాలు పెడల్ మీద లేకుండానే 22ఆర్ఈ ఇంజన్ గొణుక్కుంటూ క్యాడిలాక్ హిల్ ఎక్కేస్తుంది. గేట్‌కీపర్ ఇప్పుడు ఆగకుండా దాటుతా.

రోడ్డు మీద మాత్రం అబద్ధం చెప్పను, ఎద్దులబండే. స్పీడ్ బ్రేకర్‌కి ముందు రెండు చక్రాలూ కలిసి తంతాయి, 65 దాటితే గాలికి అటూ ఇటూ దిద్దుకుంటూ ఉండాలి, మైలేజ్ 20 నుంచి 15కి పడింది. అన్నట్టు వెనక కూడా ఎత్తు పెంచితే వెనక యాక్సిల్‌కి తగిలించిన బ్రేక్ లోడ్ వాల్వ్ రాడ్ కిందకి లాగబడి, బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులకి ప్రెజర్ తగ్గించేస్తుంది, దాని బ్రాకెట్ కూడా ఎత్తాలి, ఇది చాలామంది మర్చిపోతారు, నేనూ మర్చిపోయా, వానలో ఒక సిగ్నల్ దగ్గర గుర్తొచ్చింది. రెండేళ్ళకోసారి స్మాగ్ (పొగ) టెస్ట్ మాత్రం మామూలుగానే పాసవుతోంది, ఇంజన్ ముట్టుకోలేదు కాబట్టి.

మొన్న కొత్త టయోటా టకోమా కొన్న కుర్రాడు ఒకడు ‘అన్నా, నాక్కూడా సాలిడ్ యాక్సిల్ వేయించాలా’ అన్నాడు. ఏడాదికి రెండుసార్లు టాహో మంచు చూడ్డానికి వెళ్ళేవాడికి ఎందుకు తమ్ముడూ, ఆ డబ్బుతో మంచి టైర్లు, వెనక లాకర్ వేసుకో అన్నా. వాడు నొచ్చుకున్నాడు. ఏడాదికి మూడుసార్లయినా రాళ్ళలోకి దిగేవాడు, పానాలు సొంతంగా పట్టుకోగలిగేవాడు, రోజూ ఆఫీసుకి వేరే కారున్నవాడు అయితే వేయించుకోవచ్చు. ఈ మూడిట్లో ఒకటి తగ్గినా నేను వద్దనే అంటా. నా మటుకు నాకు మళ్ళీ అదే బండి, అదే డబ్బు ఇస్తే మళ్ళీ ఇదే చేస్తా, హ్యాంగర్లు మాత్రం దగ్గరుండి కొలిచి.

ఎడమ పక్క మళ్ళీ చారు కారుతోంది, వచ్చే శనివారం విప్పాలి. 54 సాకెట్ ఎవరికో ఇచ్చా, ఎవరికిచ్చానో గుర్తు రావట్లా.