నీరసించిన గుండెకు ఉత్తేజమిచ్చే మందు మేలా, నెమ్మదింపజేసే మందు మేలా?

ఎకో పరీక్షలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ముడుచుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో బయటికి పంపే వంతు) 30 శాతానికి పడిపోయిందని తెలిసిన ప్రతి ఇంట్లోనూ దాదాపు ఒకే ప్రశ్న పుడుతుంది. అసలే ఓపిక లేని గుండెకు, దాని వేగాన్నీ బలాన్నీ ఇంకా తగ్గించే బీటా బ్లాకర్‌ను డాక్టర్లు ఎందుకు రాస్తున్నారు, గట్టిగా ముడుచుకునేలా చేసే మందే ఇవ్వవచ్చు కదా అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. ఈ సందేహంలో తప్పేమీ లేదు. చాలా కాలం వైద్యులు కూడా అలాగే ఆలోచించి, గుండె వైఫల్యం, అంటే ఒంటికి చాలినంత రక్తాన్ని గుండె పంపలేని స్థితి, ఉన్నవారికి బీటా బ్లాకర్ ఇవ్వకూడదనే బోధించారు.

ఉత్తేజమిచ్చే మందుల సంగతి ముందు చూద్దాం. మిల్రినోన్ గుండె కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థాన్ని పెంచుతుంది, దానితో కణంలోకి కాల్షియం ఎక్కువగా చేరి కండరం బలంగా ముడుచుకుంటుంది. రక్తనాళంలోకి ఎక్కించిన కొద్దిసేపటికే రక్తప్రసరణ మెరుగుపడుతుంది. అయితే ఇదే మందును మాత్రల రూపంలో నెలల తరబడి ఇచ్చి చూసిన ప్రామిస్ అధ్యయనం 1991లో వెలువడింది. తీవ్ర గుండె వైఫల్యం ఉన్న 1,088 మందిలో, మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవారికంటే మిల్రినోన్ వాడినవారిలో మరణాలు 28 శాతం ఎక్కువగా ఉండడంతో ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపవలసి వచ్చింది. 1785లో ఆంగ్ల వైద్యుడు విలియం విథరింగ్ వర్ణించిన డిజిటాలిస్ మొక్క నుంచి వచ్చిన డిగాక్సిన్ మాత్రం అంత చెడ్డ ఫలితమివ్వలేదు. 6,800 మందిపై జరిగి 1997లో వెలువడిన అధ్యయనంలో అది మరణాలను పెంచనూ లేదు, తగ్గించనూ లేదు, ఆసుపత్రిలో చేరవలసిన అవసరాన్ని మాత్రం తగ్గించింది.

ఇక రెండో వైపు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టైన్ బృందం, గుండె కండరం సాగిపోయిన ఏడుగురు రోగులకు బీటా బ్లాకర్ ఇచ్చి వారు కోలుకోవడం చూసి 1975లో ప్రచురించింది. వైద్యలోకం దాన్ని నమ్మడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. 1999లో వెలువడిన సిబిస్-2 అధ్యయనంలో 2,647 మంది పాల్గొనగా, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 17.3 శాతం మరణిస్తే బిసోప్రొలాల్ అనే బీటా బ్లాకర్ వాడినవారిలో 11.8 శాతం మరణించారు. అదే ఏడాది మెటోప్రొలాల్‌తోనూ, 2001లో మరింత తీవ్రమైన రోగులలో కార్వెడిలాల్‌తోనూ దాదాపు ఇంతే మేలు కనిపించింది.

ఈ రెండు దారుల మధ్య తేడాను తేల్చేది, నా దృష్టిలో, జబ్బు ముదరడానికి అసలు కారణం ఏమిటన్నదే. గుండె తక్కువ రక్తాన్ని పంపినప్పుడు శరీరం దాన్ని రక్తస్రావంగా భావించి, నార్ ఎపినెఫ్రిన్ వంటి హార్మోన్లను వెల్లువలా విడుదల చేస్తుంది. గాయమైన పూట ప్రాణం నిలిపే ఈ ఏర్పాటు, నెలల తరబడి ఆగకుండా సాగితే గుండె కణాలనే చంపుతుంది, మిగిలిన కణాలపై భారం పెరిగి గుండె గది సాగిపోతుంది, లయ తప్పే ప్రమాదమూ పెరుగుతుంది. రక్తంలో నార్ ఎపినెఫ్రిన్ ఎంత ఎక్కువగా ఉంటే రోగి ఆయుష్షు అంత తక్కువగా ఉంటుందని అమెరికన్ వైద్యుడు జే కోన్ బృందం 1984లోనే చూపింది. ఇప్పటికే ఉత్తేజం మితిమీరి దెబ్బతింటున్న కండరానికి మిల్రినోన్ ఆ ఉత్తేజాన్నే మరింతగా ఇస్తుంది. బీటా బ్లాకర్ ఆ తాకిడిని ఆపుతుంది. అందువల్ల బీటా బ్లాకర్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఎజెక్షన్ ఫ్రాక్షన్ కొంత తగ్గినా, సుమారు మూడు నెలలు గడిచేసరికి చాలామందిలో మొదటికంటే పైకి వస్తుంది. మందు వేసిన మర్నాటి బలాన్ని చూసి తీర్పు చెబితే ఉత్తేజకమే గెలుస్తుంది, ఏడాది తర్వాత ఎవరు బతికున్నారని చూస్తే బీటా బ్లాకరే గెలుస్తుంది. నేను రెండో కొలతనే నమ్ముతాను.

అయితే ఈ మేలు ఓపికగా వాడినవారికే దక్కుతుంది. బిసోప్రొలాల్‌ను రోజుకు 1.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, కనీసం రెండు వారాలకొకసారి పెంచుతూ, తట్టుకోగలిగితే 10 మిల్లీగ్రాముల వరకు తీసుకువెళతారు. ఆ వారాల్లో నీరసం పెరగవచ్చు. రోజూ ఉదయం మూత్రవిసర్జన తర్వాత బరువు చూసుకునే రోగికి, రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగినట్లు కనిపిస్తే అది కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిన నీరు. అప్పుడు డాక్టరు చాలా సందర్భాల్లో నీరు తగ్గించే మందును సర్దుతారే గాని బీటా బ్లాకర్‌ను వెంటనే ఆపేయరు. తొలి వారాల నీరసానికి భయపడి మందు మానేయడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది, ఈ మాట రోగికి ముందే చెప్పి ఉంచాలి. ఊపిరితిత్తుల్లో నీరు నిండి ఆయాసపడుతున్న సమయంలో మాత్రం ఈ మందు కొత్తగా మొదలుపెట్టరు. తీవ్రమైన ఆస్తమా, గుండెలో విద్యుత్ ప్రసారానికి అడ్డంకి ఉన్నవారి విషయం వేరు.

ఉత్తేజకాలకు వాటి చోటు వాటికుంది. రక్తపోటు పడిపోయి, మూత్రం ఆగిపోయి, కాళ్లూ చేతులూ చల్లబడిన రోగికి ఐసీయూలో డోబుటమిన్ అనే మరో ఉత్తేజకం గాని మిల్రినోన్ గాని ఎక్కించక తప్పకపోవచ్చు. 192 మందితో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో ఈ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కణంలో కాల్షియం పెంచకుండా, కండరాన్ని ముడిచే మయోసిన్ అనే ప్రొటీన్‌పై నేరుగా పనిచేసే ఒమెకామ్టివ్ అనే మందు 8,256 మందిలో గుండె వైఫల్య సంఘటనలను కొద్దిగా తగ్గించింది గాని, గుండె జబ్బు మరణాలను తగ్గించలేకపోయింది.

ఇక మిగతా మందుల సంగతి. నాడి వేగాన్ని తగ్గించే ఐవాబ్రాడిన్, బీటా బ్లాకర్ పూర్తి మోతాదులో ఇచ్చినా నాడి వేగం తగ్గనివారికి పనికొస్తుంది. మూలకణ చికిత్స ఇంకా పరిశోధన దశలోనే ఉంది. గుండె వైఫల్యానికే వాడే సాకుబిట్రిల్-వల్సార్టాన్, స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటివి బీటా బ్లాకర్‌కు పోటీ కావు, దానితో కలిపి వాడవలసినవి. ఎజెక్షన్ ఫ్రాక్షన్ మామూలుగానే ఉండి గుండె వైఫల్యం వచ్చినవారికి ఈ పోలిక వర్తించదు, వారిలో బీటా బ్లాకర్‌కు ఇంతటి రుజువు లేదు.

ఎజెక్షన్ ఫ్రాక్షన్ మామూలు స్థాయికి వచ్చింది కనుక ఇక మందులు ఆపవచ్చా అని కూడా అడుగుతున్నారు. సరిగ్గా ఈ ప్రశ్నతోనే ట్రెడ్-హెచ్ఎఫ్ అనే చిన్న అధ్యయనం జరిగి 2018లో వెలువడింది. గుండె సాగిపోయే జబ్బు నుంచి కోలుకున్న 51 మందిలో, 25 మందికి మందులను క్రమంగా ఆపగా ఆరు నెలల్లో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించినవారిలో ఆ ఆరు నెలల్లో ఒక్కరికీ తిరగబెట్టలేదు.